చేపకూ ఇంటిపేరు ఉంటుంది

బీడీ కార్ఖానాలో బట్వాడా రోజు. గుమస్తా రిజిస్టరు తెరిచాడు. "గంగవ్వా!" అని పిలిచాడు. ముగ్గురు లేచి నిలబడ్డారు.

"ఏ గంగవ్వ సారూ?"

గుమస్తా మళ్ళీ రిజిస్టరు చూశాడు. "తోట గంగవ్వ" అన్నాడు. ఇద్దరు కూర్చున్నారు. ఒక్కరు ముందుకు వెళ్ళి డబ్బులు తీసుకున్నారు.

మన మెట్‌పల్లి వాడల్లో ఇది కొత్త సంగతి కాదు. గంగవ్వలు ఎందరో, రాజవ్వలు ఎందరో. పేరు ఒక్కటే ఉంటే సరిపోదు. ముందు ఇంటిపేరు ఉండాలి. ఇంటిపేరు చెబితే ఏ ఇంటి మనిషో తెలుస్తుంది. పేరు చెబితే ఆ ఇంట్లో ఎవరో తెలుస్తుంది. రెండూ కలిస్తే మనిషి దొరుకుతుంది.

చదువుకున్న శాస్త్రవేత్తలు చెట్లకు, పురుగులకు, పక్షులకు, చేపలకు పేర్లు పెట్టేది కూడా ఇట్లాగే. ముందు ఇంటిపేరు, తరువాత సొంత పేరు. మన తెలుగు పేరు వరుస ఎట్లా ఉంటుందో అదే వరుస. ఈ పాఠంలో ఒక సముద్రపు చేప ఇంటి కథ చదువుదాం. ఆ ఇంట్లోకి ఒక తెలుగు పేరు ఎట్లా వచ్చిందో చూద్దాం.

పసుపు ఇంటిపేరు

ముందు మన చేలో ఉన్న దానితో మొదలుపెడదాం. మెట్‌పల్లి చుట్టుపక్కల పసుపు పంట మీకు తెలుసు. కొమ్ములు తవ్వడం, ఉడకబెట్టడం, ఎండబెట్టడం మీ చేతి పనే. పసుపుకు శాస్త్రంలో పేరు 'కర్కుమా లోంగా'. కర్కుమా ఇంటిపేరు. లోంగా సొంత పేరు. లాటిన్ భాషలో లోంగా అంటే పొడుగుది అని. కర్కుమా అనే మాట అరబ్బీ మాట నుంచి వచ్చింది. అరబ్బీలో పసుపును 'కుర్కుం' అంటారు.

మామిడల్లం ఉంది కదా, పచ్చడి చేస్తాం. దాని పేరు 'కర్కుమా అమడా'. చూశారా, ఇంటిపేరు పసుపుదే! మనం దానిని అల్లం అని పిలుస్తాం. కాని అది అల్లం ఇంటి మనిషి కాదు. పసుపు చెల్లెలు. అల్లం ఇల్లు వేరే.

ఈ పద్ధతిని నిలబెట్టినవాడు లిన్నేయస్ అనే పెద్దమనిషి. స్వీడన్ దేశం వాడు. 1707లో పుట్టాడు, 1778లో చనిపోయాడు. అంతకు ముందు ఒక్కొక్క జీవికి ఇంత పొడుగు పేరు ఉండేది. ఒక వాక్యం అంత పేరు! లిన్నేయస్ రెండు మాటలు చాలన్నాడు. జంతువులకు ఈ లెక్క 1758లో అచ్చయిన ఆయన పుస్తకంతో మొదలు. ఆ పుస్తకంలోనే మనిషికి కూడా పేరు పెట్టాడు. మన అందరి పేరు 'హోమో సేపియన్స్'. మన ఇంటిపేరు హోమో అన్నమాట.

ఈ ఇంటిని బడి పుస్తకాల్లో 'ప్రజాతి' అంటారు. ఇంట్లో ఒక్కొక్క మనిషిని 'జాతి' అంటారు. కొన్ని ఇళ్ళు కలిస్తే 'కుటుంబం'. కొన్ని కుటుంబాలు కలిస్తే 'క్రమం'. మనం చిరునామా రాసేటప్పుడు ఇల్లు, వాడ, ఊరు, మండలం, జిల్లా అని రాస్తాం కదా. అదే తీరు. ఈ పాఠానికి మనకు ఇల్లు, సొంత పేరు చాలు.

ఇసుకలో దాక్కునే చేప

మనకు సముద్రం లేదు. చెరువులు ఉన్నాయి, గోదావరి ఉంది. కాబట్టి సొరింగి చేపను మనలో చాలామంది చూసి ఉండరు. విశాఖపట్నం వైపు జాలరులకు అది బాగా తెలుసు.

సొరింగి సన్నగా, పొడుగ్గా ఉంటుంది. మూతి కోసుగా ఉంటుంది. ఒళ్ళంతా లేత ఇసుక రంగు, పక్కలు వెండిలా మెరుస్తాయి. మామూలుగా జానెడు పొడవు. తీరం దగ్గర తక్కువ లోతు నీళ్ళలో, ఇసుక నేల మీద తిరుగుతుంది. కోసు మూతితో ఇసుకను కెలికి పురుగులను, చిన్న రొయ్యలను తింటుంది. మాంసం తెల్లగా, మెత్తగా ఉంటుంది. తేలిగ్గా అరుగుతుంది.

దీనికి ఒక విద్య తెలుసు. వల దగ్గరికి వస్తే ఇసుకలోకి దూరిపోతుంది. వల దాని మీది నుంచి పోతుంది. అది కింద ఉంటుంది. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఒట్టి కాళ్ళతో ఇసుకను తొక్కుకుంటూ పోయి దాన్ని లేపుతారు.

ఈ చేప ఎర్ర సముద్రం నుంచి మన తీరం దాకా, ఇంకా తూర్పుకు కూడా ఉంది. కాబట్టి దీనికి తీరానికో పేరు. మంగళూరు వైపు 'కానె' అంటారు. తమిళులు 'కిళంగన్' అంటారు. ఇంగ్లీషు వచ్చినవాళ్ళు 'లేడీ ఫిష్' అంటారు. అంటే ఆడమనిషి చేప. ఆ పేరు ఎందుకో అనకండి, తరువాత వస్తుంది. చిక్కు ఏమిటంటే, ఇదే 'లేడీ ఫిష్' అనే పేరు సంబంధం లేని ఇంకొక చేపకు కూడా ఉంది. ఒకరు ఒక చేప గురించి రాస్తే ఇంకొకరు వేరే చేప అనుకుంటారు. గంగవ్వ అని పిలిస్తే ముగ్గురు లేచినట్టు!

అందుకే ఎక్కడ చదివినా ఒకటే అర్థం వచ్చే పేరు కావాలి.

ఒక్క చేపకు నాలుగు పేర్లు

1761లో డెన్మార్క్ దేశపు రాజు కొంతమందిని అరబ్బు దేశాలకు పంపాడు. అక్కడి చెట్లను, జంతువులను, భాషను చూసి రమ్మన్నాడు. వాళ్ళలో ఫోర్స్కాల్ అనే యువకుడు ఉన్నాడు. ఆయన లిన్నేయస్ శిష్యుడు. యెమెన్ తీరంలో చేపలను చూశాడు. వాటి వివరాలు రాసుకున్నాడు. అక్కడి జనం చెప్పే అరబ్బీ పేర్లనే చాలా చేపలకు ఉంచాడు.

1763లో యెమెన్‌లోనే ఆయన మలేరియా జ్వరంతో చనిపోయాడు. వెళ్ళినవాళ్ళలో నీబూర్ అనే ఒక్కడే ప్రాణాలతో తిరిగి వచ్చాడు. ఫోర్స్కాల్ రాసుకున్న కాగితాలను ఆయనే 1775లో అచ్చు వేయించాడు. మనిషి పోయిన పన్నెండేళ్ళకు ఆయన రాత బయటికి వచ్చింది. రాసి పెట్టుకోకపోతే ఆ చేపల సంగతి ఆయనతోనే పోయేది.

ఆ పుస్తకంలో మన ఇసుక చేప పేరు 'అతెరీనా సిహామా'. అతెరీనా ఇంటిపేరు, సిహామా సొంత పేరు.

1801లో జర్మనీలో ఒక పెద్ద చేపల పుస్తకం వచ్చింది. బ్లాఖ్ అనే వైద్యుడు మొదలుపెట్టాడు. ఆయన చనిపోతే ష్నైడర్ అనే పండితుడు పూర్తి చేశాడు. ఆ పుస్తకంలో ఈ చేపకు ఒకచోట ఒక పేరు, ఇంకొకచోట ఇంకొక పేరు పడింది. పుస్తకం ఒకటే, చేప ఒకటే, పేర్లు రెండు! ఎందుకంటే ఒకచోట పాత రాతను చూసి రాశారు. ఇంకొకచోట మన దేశం నుంచి వచ్చిన చేపను చూసి రాశారు. రెండూ ఒకటే అని వాళ్ళకు తెలియలేదు.

1816లో ఫ్రాన్స్ దేశంలో కువియే అనే పేరున్న శాస్త్రవేత్త ఈ రకం చేపలకు కొత్త ఇల్లు కట్టాడు. ఆ ఇంటికి 'సిల్లాగో' అని పేరు పెట్టాడు. ఆయనకు పాండిచ్చేరి చేపల సంగతి తెలుసు. అప్పట్లో పాండిచ్చేరి ఫ్రెంచివాళ్ళది. అక్కడి ఫ్రెంచివాళ్ళు ఈ రకం చేప ఒకదాన్ని 'దొరసాని చేప' అనేవారు. తినడానికి అంత సుకుమారంగా ఉంటుందని కాబోలు. కువియే దానికి 'డోమినా' అని లాటిన్ పేరు పెట్టాడు. అంటే దొరసాని అనే. ఆ దొరసాని తరువాత వేరు పడి వేరే ఇంటికి వెళ్ళింది, అది వేరే కథ.

మన ఇసుక చేపకు కువియే 'సిల్లాగో అక్యూటా' అని పేరు పెట్టాడు. అక్యూటా అంటే కోసుగా ఉన్నది.

లెక్క చూడండి. ఒక్క చేప. నాలుగు పేర్లు. రేషను కార్డులో ఒక పేరు, ఓటరు లిస్టులో ఒక పేరు, బ్యాంకు పుస్తకంలో ఒక పేరు, బీడీ కార్మికుల కార్డులో ఇంకొక పేరు ఉన్న ఆడమనిషి పరిస్థితి మీకు తెలుసు. పింఛను కోసం పోతే "ఈ నలుగురూ నువ్వేనని కాగితం తే" అంటారు. ఆ చేప పరిస్థితి కూడా అదే అయింది.

పుట్టింటి పేరు, అత్తింటి పేరు

ఈ చిక్కును ర్యూపెల్ అనే జర్మనీ ఆయన విప్పాడు. ఆయన ఎర్ర సముద్రం దాకా వెళ్ళాడు. ఫోర్స్కాల్ చేపను, కువియే చేపను పోల్చి చూశాడు. రెండూ ఒకటే అని 1820ల చివరలో రాశాడు.

అప్పుడు ఏ పేరు ఉంచాలి? దానికి ఒక కట్టుబాటు ఉంది. ముందు అచ్చయిన సొంత పేరే నిలుస్తుంది. తరువాత వచ్చినవి పోతాయి. పెద్ద ఊరి పెద్ద శాస్త్రవేత్త పెట్టినా పోతాయి. కువియే అప్పట్లో చాలా గొప్పవాడు. ఫోర్స్కాల్ ముప్పై ఒక్క ఏళ్ళకే పరాయి దేశంలో చనిపోయినవాడు. అయినా నిలిచింది ఫోర్స్కాల్ పెట్టిన సిహామా.

ఇంటిపేరు మాత్రం మారింది. అది అతెరీనా ఇంటి చేప కాదు అని తేలింది. సిల్లాగో ఇంటికి వచ్చింది. అందుకని దాని పేరు 'సిల్లాగో సిహామా' అయింది.

ఇది ఆడవాళ్ళకు తొందరగా అర్థమవుతుంది. పెళ్ళి కాగానే మన ఇంటిపేరు మారుస్తారు. సొంత పేరు మాత్రం అమ్మ పెట్టిందే ఉంటుంది. సిహామా కూడా అట్లాగే ఇల్లు మారింది. కాని శాస్త్రవేత్తలు ఒక మంచి పని చేస్తారు. పుట్టినింటి గుర్తును పూర్తిగా చెరపరు. చేప పేరు పక్కన మొదట పేరు పెట్టినవాళ్ళ పేరు రాస్తారు. చేప ఇల్లు మారి ఉంటే ఆ పేరుకు అటూ ఇటూ గుండ్రటి గీతలు పెడతారు. గీతలు కనిపించాయంటే 'ఇది వేరే ఇంట పుట్టి ఇక్కడికి వచ్చింది' అని అర్థం. వెతుక్కుంటూ పోతే పాత కాగితం దొరుకుతుంది. మన కాగితాల్లో అటువంటి గీతలు ఉంటే ఎంతమంది అక్కలకు తిరుగుడు తప్పేదో!

విశాఖపట్నంలో ఒక డాక్టరు

ఇప్పుడు తెలుగు పేరు సంగతి.

పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ డాక్టరు 1780లలో విశాఖపట్నం వచ్చాడు. ఆయన తమ్ముడు కంపెనీ ప్రభుత్వంలో అక్కడ పెద్ద అధికారి. కంపెనీ అంటే ఈస్టిండియా కంపెనీ. 1785లో కంపెనీ రస్సెల్‌ను చెట్లు, జంతువులు చూసే పనిలో పెట్టింది. 1789లో ఆయన తిరిగి వెళ్ళిపోయాడు.

ఆయన మొదట పాముల మీద పడ్డాడు. ఏ పాము విషం ఉన్నది, ఏది లేనిది అని తెలుసుకోవాలనుకున్నాడు. అది ప్రాణాల మీది మాట. 1796లో పాముల పుస్తకం వచ్చింది. అందులో పాములకు తెలుగు పేర్లు రాశాడు. ఒక పాము పేరు 'బంగారు పాము' అని జనం చెప్పారు. ఆయన అదే రాశాడు. ఆ బంగారు అనే మాట నుంచే 'బంగారస్' అనే ఇంటిపేరు పుట్టింది. కట్లపాము కూడా ఆ ఇంటిదే. అంటే ఏ దేశపు డాక్టరు అయినా కట్లపాము గురించి రాస్తే తెలుగు మాట రాయక తప్పదు.

రక్తపింజర ఉంది కదా. దానికి అక్కడి జనం 'కాటుక రేకుల పొడ' అని చెప్పారు. ఎంత చక్కని పేరు! దాని ఒంటి మీది మచ్చలు కాటుక దిద్దినట్టే ఉంటాయి. కాని శాస్త్రంలో దానికి రస్సెల్ పేరే స్థిరపడింది. (మాట వచ్చింది కాబట్టి చెప్పుకుందాం. పాము కరిస్తే పేరు తేల్చుకుంటూ కూర్చోవద్దు. మంత్రం దగ్గరికి పోవద్దు. కోయడం, గట్టిగా కట్టడం వద్దు. వెంటనే సర్కారు దవాఖానకు పోవాలి.)

తరువాత రస్సెల్ చేపల పుస్తకం అచ్చు వేశాడు. 1803లో లండన్‌లో రెండు భాగాలుగా వచ్చింది. విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల బొమ్మలు, వివరాలు అందులో ఉన్నాయి. చేపలకు లాటిన్ పేర్లు పెట్టడానికి ఆయన తొందరపడలేదు. ఒడ్డున ఉన్న జనం ఏ పేరు చెబితే ఆ పేరునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. ఆయన చెవికి ఎట్లా వినిపిస్తే అట్లా రాశాడు. సొరింగి 'సోరింగ్' అయింది. బొంత చేప 'బొంటూ' అయింది. వాలుగ 'వల్లగూ' అయింది.

వాలుగ అనగానే మీ ముఖాలు వెలిగి ఉంటాయి. అది మన చెరువుల చేప, మన గోదావరి చేప. పొలుసులు ఉండవు. పెద్ద నోరు, పొడుగు మీసాలు. మనిషి చెయ్యి కన్నా పొడుగ్గా పెరుగుతుంది. జావాలో ఉండే డచ్చి వైద్యుడు బ్లీకర్ 1851లో ఈ చేప ఇంటికి 'వల్లాగో' అని పేరు పెట్టాడు. మన వాలుగే అది! దాని పూర్తి పేరు 'వల్లాగో అట్టు'. ఇది పెనం మీద పోసే అట్టు కాదు. తమిళంలో 'ఆత్తు వాళై' అంటే ఏటి వాలుగ. అందులో నుంచి అట్టు వచ్చింది. ఇంటిపేరు తెలుగు, సొంత పేరు తమిళం. ఈ వాలుగ ఇప్పుడు తగ్గిపోతోంది. ప్రపంచంలో ముప్పు ఉన్న చేపల జాబితాలో చేరింది.

బొంత చేప పేరు కూడా ఒక సముద్రపు చేపకు పోయింది. 'బొంటాయిడిస్' అంటే బొంతలాంటిది అని. మన ఇళ్ళల్లో దుబాయి, మస్కటు పోయి వచ్చినవాళ్ళు ఉంటారు. 'హమూర్' చేప గురించి చెబుతారు, అడగండి. హమూర్, ఈ బొంటాయిడిస్ ఒకే ఇంటివి.

ఇక్కడ ఒక మాట మనసులో కలుక్కుమంటుంది. ఆ రెండు వందల చేపల పేర్లు రస్సెల్‌కు పుట్టుకతో రాలేదు. ఒడ్డున జాలరులు చెప్పారు. బుట్టలు దించుకొని అమ్మే ఆడవాళ్ళు చెప్పి ఉండవచ్చు. బొమ్మలు వేసింది మన దేశపు చిత్రకారుడే. రస్సెల్ పేరు మీద పాము ఉంది, చేపలు ఉన్నాయి. ఆ చెప్పినవాళ్ళ పేర్ల మీద ఏమీ లేదు. వాళ్ళకు పేర్లు తెలుసు. రాయడం తెలియదు.

పొట్ట కోస్తే తెలిసింది

రస్సెల్ పోయాక నూట ఎనభై ఏళ్ళు గడిచాయి. సొరింగి అని జాలరులు అమ్ముతూనే ఉన్నారు. సైన్సు పుస్తకాల్లో చాలావరకు దాన్ని సిల్లాగో సిహామా అని రాసేవారు.

విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎస్. దత్, కె. సుజాత అనే ఇద్దరు పరిశోధకులు ఈ చేపలను దగ్గరగా చూశారు. సొరింగి అని బుట్టలో ఉన్నవన్నీ ఒకటేనా అని చూశారు.

పైకి చూస్తే అన్నీ ఒకటే తీరు. అదే రంగు, అదే కోసు మూతి. అప్పుడు లోపల చూడాలి. చేప కోసేటప్పుడు లోపల తెల్లటి గాలి బుగ్గ వస్తుంది కదా. పిల్లలు దాన్ని తొక్కి టప్పుమని పగలగొడతారు. దాన్ని 'గాలి తిత్తి' అంటారు. చేప నీళ్ళలో మునగకుండా, తేలకుండా నిలబడడానికి అది సాయం చేస్తుంది. మనం పారేసే ఆ బుగ్గే సిల్లాగో ఇంటివాళ్ళకు ఆధార్ కార్డు వంటిది! సిల్లాగో సిహామాకు గాలి తిత్తి వెనుక వైపు రెండు తోకలు ఉంటాయి. కొన్నింటికి ఒకటే తోక ఉంటుంది. ముందు వైపు కొమ్ముల్లాంటివి కొన్నింటికి ఉంటాయి, కొన్నింటికి ఉండీ లేనట్టు ఉంటాయి. పొలుసుల లెక్క, రెక్కల ముళ్ళ లెక్క కూడా చూస్తారు. కాని అసలు గుట్టు తిత్తి దగ్గరే తెలుస్తుంది.

అట్లా చూసి, సిహామా కాని ఒక చేపను వాళ్ళు వేరు చేశారు. 1982లో దానికి పేరు పెట్టారు. ఏమని పెట్టారో తెలుసా? 'సిల్లాగో సొరింగా'. జాలరులు పిలిచే మాటనే తీసుకున్నారు. రస్సెల్ విని రాసుకొని వెళ్ళిన మాట మళ్ళీ విశాఖ ఒడ్డునే ఒక చేపకు సొంత పేరు అయింది.

1985లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త మెక్కే ఈ ఇల్లంతా సర్ది ఒక పెద్ద గ్రంథం రాశాడు. అందులో ఆయన, దత్, సుజాత కలిసి ఇంకొక చేపకు 'సిల్లాగో ఇండికా' అని పేరు పెట్టారు. ఇండికా అంటే ఇండియాది. 2022లో బంగ్లాదేశ్ సముద్రంలో దొరికిన ఒక చేపకు 'సిల్లాగో ముక్తిజొద్ధాయి' అని పెట్టారు. 1971లో ఆ దేశం కోసం పోరాడినవాళ్ళను అక్కడ ముక్తిజొద్ధాలు అంటారు. వాళ్ళ గుర్తుగా ఆ పేరు. ఇప్పటికి ఈ ఇంట్లో ముప్పైకి పైగా చేపలు తేలాయి. ఇంకా తేలుతున్నాయి.

పేరుతో పని ఏమిటి?

"తినే చాపకు ఏ పేరైతే ఏందమ్మా? పులుసు పులుసే గద!" అని ఎవరైనా అనవచ్చు. నిజమే, కూరకు పేరు అక్కరలేదు. లెక్కకు కావాలి.

ఇట్లా అనుకోండి. ఒడ్డున మూడు రకాల సొరింగి వస్తోంది. మూడింటినీ ఒకటే అని రాస్తున్నారు. ఈ ఏడు వంద బుట్టలు, వచ్చే ఏడు వంద బుట్టలు. కాగితం మీద అంతా బాగుంది. కాని ఒక రకం తగ్గిపోయి ఇంకొక రకం పెరిగిందేమో! మొత్తం అంతే ఉంటుంది. ఒక రకం పూర్తిగా పోయినా కాగితంలో కనిపించదు. అది ఎప్పుడు గుడ్లు పెడుతుందో, ఎంత పెరిగాక పట్టాలో తెలియదు. ఏ నెలలో వల ఆపాలో ఎవరూ చెప్పలేరు. దాని మీద బతికే ఇల్లు మాత్రం ఆ నష్టాన్ని ముందే చూస్తుంది.

వాడలో ముగ్గురు గంగవ్వలు ఉంటే లిస్టులో ఒక్కటే గంగవ్వ అని రాసుకున్నట్టు. ఒక్కరికి పింఛను వస్తుంది. "గంగవ్వకు ఇచ్చినం గద" అంటారు. మిగతా ఇద్దరు లేనట్టే.

చదివి మాట్లాడుకోండి

మీ ఊరి చెరువులో ఏ ఏ చేపలు ఉన్నాయి? మీరు బొచ్చె, కొర్రమట్ట, వాలుగ, జెల్ల అని చెబుతారు. ఇంకా? చేపలు పట్టేవాళ్ళ ఇంట్లో పెద్దమనుషులను అడగండి. చిన్నప్పుడు ఉండి ఇప్పుడు కనిపించని చేప ఏదైనా ఉందా? దాని పేరు ఏమిటి? ఎట్లా ఉండేది? పొలుసులు ఉన్నాయా, మీసాలు ఉన్నాయా?

ఒకే చేపకు మీ ఊర్లో ఒక పేరు, మీ అమ్మగారి ఊర్లో ఇంకొక పేరు ఉన్నదా?

మీ దగ్గర ఉన్న కాగితాలు అన్నీ బయటికి తీయండి. అన్నింటిలో మీ పేరు, ఇంటిపేరు ఒకే తీరుగా ఉన్నాయా? ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొని చదవండి. తేడా ఉంటే ఏ కాగితంలో ఏమి ఉందో నోటుబుక్కులో రాసుకోండి.

అదే నోటుబుక్కులో తరువాతి పేజీ చేపలకు. పేరు, గుర్తులు, ఎక్కడ దొరుకుతుంది, ఎవరు చెప్పారు. చెప్పినవాళ్ళ పేరు కూడా ఇంటిపేరుతో సహా రాయండి.